బొటనవేలికి తగిన ఆటపెట్టె

తొంభై తొమ్మిదో సంవత్సరమంతా ఏం చేశావని ఎవరైనా అడిగితే, రెండు గళ్లున్న చోట నాలుగు గళ్లు చేశానని చెప్తాను. అంతకంటే గొప్పగా చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల భవనంలో, ఏసీ చలికి చున్నీ చెవుల దాకా కప్పుకుని, ఎక్కడో దూరదేశంలో ఉన్న బీమా కంపెనీ పాత ప్రోగ్రాములు చదవడం నా ఉద్యోగం. వాటిని రాసినవాళ్లు చోటు కలిసొస్తుందని సంవత్సరానికి రెండంకెలే కేటాయించారు. తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా వస్తే, కాలం వందేళ్లు వెనక్కి పోయిందని కంప్యూటరు అనుకుంటుంది. ఆ పొరపాటు దాగిన ప్రతి వరుసనూ వెతికి పట్టుకుని, కాగితం మీద పసుపు రంగు పెన్నుతో గీసి, రెండును నాలుగు చేయాలి. అదే వైటూకే. పేరు వినడానికి రాకెట్టు పేరులా ఉంటుంది, పని మాత్రం బియ్యంలో రాళ్లు ఏరడమే.

ఊళ్లో బంధువులకు మాత్రం నేను అద్దాల మేడలో కంప్యూటరు ముందు కూర్చునే మనిషిని. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అన్నట్టుండేది నా సంగతి. పొద్దున్నే సెవెన్ సీటర్ ఆటోలో తొమ్మిదో మనిషిగా ఇరుక్కుని, బండరాళ్లు పేల్చిన దుమ్ము మింగుతూ పోవడం, సాయంత్రం అదే దుమ్ము తలలో వేసుకుని రావడం. వచ్చేసరికి ఇంట్లో బావ గోడకు ఆనుకుని, కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండేవాడు.

బావ అంటే మా మేనత్త కొడుకు. నేను చేసుకున్నది ఆయన్నే. లింగంపల్లి దాటాక ఉన్న ఒక ఫ్యాక్టరీలో డ్రిల్లింగ్ మెషిన్ మీద పనిచేసేవాడు, మేముండేది వాళ్ల క్వార్టర్లలోనే. ఆ ఏడు సంక్రాంతి సెలవులు అయిపోయిన వారంలో, ఇనుప రేకు ఎత్తుతుంటే అంచు జారి కుడి బొటనవేలి మొదట్లో నరం తెగింది. తప్పు ఎవరిదీ కాదు. దవాఖానలో నరం కలిపి కుట్టారు. వేలు నిలిచింది గానీ వంగలేదు. అరచేతికి మేకు కొట్టినట్టు నిలబడి ఉండేది. ఆరు నెలల తర్వాత ఫ్యాక్టరీ డాక్టర్ల బోర్డు చేతిని పరీక్షిస్తుందని, పట్టు వస్తే మళ్లీ మెషిన్, రాకపోతే గేటు దగ్గర రిజిస్టరు ముందు లైట్ డ్యూటీ అని కాగితం ఇచ్చారు. జీతంలో పెద్ద తేడా లేదు. అయినా ఆ కాగితం చదివిన రోజు బావ అన్నం తినలేదు. పదిహేనేళ్లు మెషిన్ మీద నిలబడిన మనిషి, వచ్చేపోయేవాళ్ల సంతకాలు తీసుకుంటూ కూర్చోవడాన్ని ఊహించుకోలేకపోయాడు.

వ్యాయామాలు నేర్పడానికి దవాఖానలో ఒక పెద్దామె ఉండేది. రబ్బరు బంతి పిసకమంది, మైనం ముద్ద నొక్కమంది, వేలితో నొక్కి ఐదు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచి వదలమంది. బావ నెల రోజులు శ్రద్ధగా చేశాడు. తర్వాత విసుగు పుట్టింది. బంతి మంచం కిందికి దొర్లిపోతే తీయలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చి చేశావా అని అడగడం, ఆయన చేశానని చెప్పడం, అది అబద్ధమని ఇద్దరికీ తెలియడం రోజూ ఉండేదే. ఒకసారి బావ మందుల వరుసలో నిలబడి ఉన్నప్పుడు ఆమె నన్ను పక్కకు పిలిచింది. ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని, చెంచా పట్టుకుని తినగలిగితే చాలనుకోమని మెల్లగా చెప్పింది. ఆ మాట బావకు చెప్పలేదు. కొంగున ముడేసుకున్నట్టు నా దగ్గరే ఉంచుకున్నాను.

మా ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడిది విజయవాడ. పెళ్లి కాలేదు, అందుకని వీడియో గేముల పిచ్చి ఉంది. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తూనే తన కంప్యూటరులో ఒక బొమ్మ తెరిచేవాడు. చేతిలో పట్టుకుని ఆడే జపాను ఆటపెట్టె ఏం చేస్తుందో అదంతా కంప్యూటరు చేత అచ్చంగా చేయించే సాఫ్ట్‌వేరు అది. దాన్ని ఎమ్యులేటర్ అంటారని, ఆటపెట్టె లేకుండానే ఆట ఆడొచ్చని చెప్పాడు. నేను పెరుగన్నం కలుపుకుంటూ తెరను కాదు, మీటల మీద ఆడుతున్న అతని వేళ్లను చూశాను. అసలు పెట్టె అయితే ఈ మీటలన్నిటినీ బొటనవేలితోనే నొక్కాలండి అన్నాడు. నాకు అక్కడే ముద్ద ఆగిపోయింది.

ముందు లింగంపల్లి స్టేషను బయట దొరికే చవక ఆటబొమ్మ కొని తెచ్చాను. పైనుంచి ఇటుకలు పడుతుంటాయి, సర్దాలి. బావకు అది పనికిరాలేదు. దానిలో టకటకా కొట్టాలి, నొక్కి పట్టి ఉంచే పని లేదు. పైగా ఇటుకలు పడే వేగానికి ఆయన వేలు అందుకోలేక ప్రతిసారీ ఓడిపోయేవాడు. నేను విజయవాడ అబ్బాయిని అడిగాను, మనకు కావలసిన ఆటను మనమే రాసుకునే వీలుందా అని. ఉందన్నాడు. కంపెనీ అనుమతితో పనిలేకుండా ఇంట్లో కూర్చుని సొంత ఆటలు రాసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారని, దానికి ఉచితంగా దొరికే పరికరాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయని, రాసినదాన్ని ఎమ్యులేటర్‌లో చూసుకుని, ప్రింటరు తీగ గుండా, పెట్టె వెనక దూర్చే ఒక ప్రత్యేకమైన కార్ట్రిడ్జ్‌లోకి ఎక్కిస్తే అసలు పెట్టెలో నడుస్తుందని చెప్పాడు. రెండు వారాల్లో అతను ఆఫీసు పని మీద సింగపూరు వెళ్తున్నాడు. ఏ పెట్టె కావాలో చెప్తే తెస్తానన్నాడు.

ఏ పెట్టె అన్నదే ప్రశ్న. నాలుగు రకాలున్నాయి. అన్నిటికంటే ముందు వచ్చిన బూడిదరంగు పెట్టె ఇటుకంత ఉంటుంది, నాలుగు పెన్సిల్ సెల్స్ తింటుంది. దాని తర్వాత వచ్చిన సన్నటిది జేబులో పడుతుంది. అప్పుడే మార్కెట్లోకి దిగిన రంగుల తెరది మూడోది. వేరే కంపెనీది, తెర వెనక దీపం వెలిగేది నాలుగోది, దానికి ఆరు సెల్స్ కావాలి. క్యాంటీన్‌లో దీని మీద వారం రోజులు చర్చ జరిగింది. నా బాధ ఎవరికీ చెప్పలేదు గనక అందరూ నాకు ఆటల పిచ్చి పట్టిందనుకున్నారు. విజయవాడ అబ్బాయి గట్టిగా రంగులదే అన్నాడు. పాతదాన్ని ఎవరూ ముట్టరండి, రేపు దానికి కొత్త ఆటలు కూడా రావు అన్నాడు. నాకు కొత్త ఆటలతో ఏం పని అని పైకి అనలేదు.

ఇంటికి వచ్చి నాలుగింటి కొలతలు, బరువులు, బటన్ల మధ్య దూరాలు అచ్చు తీసిన కాగితం బావ ముందు పెట్టాను. సంగతంతా చెప్పాను. ఆటనా అని ముఖం తిప్పుకున్నాడు. కాగితం మాత్రం పక్కన పెట్టలేదు. మెషిన్ షాపులో పెరిగిన మనిషికి ఒక పద్ధతి ఉంటుంది. చేతిలో పట్టి చూడకుండా ఏ పనిముట్టునూ ఒప్పుకోడు, ఎంత పెద్ద కంపెనీ పేరు చెప్పినా సరే. మర్నాడు నేను వచ్చేసరికి వాకిట్లో రంపపుపొట్టు ఉంది. ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడో తెచ్చుకున్న పెట్టెచెక్కను ఎడమచేత్తో కోసి, కాగితంలో ఉన్న కొలతలకు నాలుగు చెక్కముక్కలు చేశాడు. మొదటిది వంకరగా వచ్చింది, మిగతావి సరిగ్గా ఉన్నాయి. చొక్కా గుండీలు తెంపి బటన్లు ఉండాల్సిన చోట జిగురుతో అంటించాడు. నా మంచి జాకెట్టు గుండీలు కూడా రెండు పోయాయి.

అంతటితో ఆగలేదు. బరువు కుదరాలన్నాడు. చెక్కల వెనక తొలిచి, వాషర్లు కూరి, కిరాణా కొట్టు త్రాసులో పెట్టి చూసుకున్నాడు. కొట్టామె ఇవేంది అని అడిగితే సబ్బుబిళ్లలు అన్నాడట. మూడు రోజులు నాలుగు చెక్కలనూ మార్చి మార్చి పట్టుకుని కూర్చున్నాడు. సన్నటిదాంట్లో వేలు రెండు మడతలు పడాల్సి వస్తోందట. రంగులది దానికంటే నయం, కానీ గుండీలు దగ్గరదగ్గరగా ఉండి ఒకటి నొక్కబోతే రెండోది తగులుతోందట. దీపం పెట్టె నాలుగు నిమిషాలకే మణికట్టు లాగేసిందట. అందరూ వద్దన్న బూడిదరంగు పెట్టె చెక్క మీద ఆయన బొటనవేలు దానంతట అదే వెళ్లి గుండీ మీద ఆగింది.

"గిదే తెప్పియ్యి," అన్నాడు. దెబ్బ తగిలాక మూడు నెలల్లో ఆయన నన్ను ఏదైనా కావాలని అడగడం అదే మొదలు.

విజయవాడ అబ్బాయి నవ్వి, తల కొట్టుకుని, సింగపూరులో పాత సామాన్ల కొట్టు వెతికి మరీ పెట్టె, కార్ట్రిడ్జ్ రెండూ తెచ్చిపెట్టాడు. అతను తిరిగొచ్చేలోపు నేను ఆట రాయాలి. ఎప్పుడో అమీర్‌పేటలో నేర్చుకున్న సీ భాష సగం మరిచిపోయాను. మధ్యాహ్నం అరగంట, పొద్దున అందరికంటే ముందు వెళ్లి ఇంకో అరగంట. ఆట మాత్రం సులువైనదే పెట్టుకున్నాను. కింద బెల్టు మీద ఇనుప పలక వస్తుంది. బటన్ నొక్కితే పైనుంచి డ్రిల్ దిగుతుంది. ఐదు లెక్కపెట్టేదాకా వదలకుండా పట్టుకుంటే రంధ్రం పడుతుంది, ముందే వదిలితే పలక పాడై పక్కకు పోతుంది. పడిన రంధ్రాల సంఖ్య పైన కనిపిస్తుంది. పొద్దంతా ఎవరో రాసినదాన్ని దిద్ది దిద్ది తలప్రాణం తోకకు వచ్చేది. ఆ అరగంటలో మాత్రం నాదైన పలక ఒకటి కదులుతుంటే నాకు ఏడుపు వచ్చినంత పనయ్యేది. అలసట వల్లే అయి ఉంటుంది.

ఎమ్యులేటర్‌లో అంతా అద్దంలా కనిపించింది. అసలు పెట్టెలోకి ఎక్కించాక చూస్తే పలక కదిలినప్పుడల్లా వెనక మసక తోక పడుతోంది, ఎక్కడుందో తెలియడం లేదు. పాత తెరలు అంతేనట. పైగా వచ్చిన పెట్టెకు కుడి అంచున నిలువుగా ఒక గీత చచ్చిపోయి ఉంది. పలక వేగం సగానికి తగ్గించి, అది వచ్చి ఆగేలా మార్చి, మళ్లీ ఎక్కించి ఇంటికి తెచ్చాను.

మొదటి రోజు బావ నాలుగు రంధ్రాలు వేశాడు. పెట్టె పక్కన పడేసి, డ్రిల్ గిట్ల దిగదని, నూనె పోయకుండా ఇంతసేపు తొలిస్తే బిట్ కాలిపోతుందని, ఇది రాసినోళ్లు మెషిన్ ముఖం చూసి ఉండరని వంకలు పెట్టాడు. నాకు కోపం వచ్చింది. రెండో రోజు ఆరు వేశాడు. మూడో రోజు నూనె చుక్క పడేలా మార్చి తెచ్చాను, అప్పుడు పది. తర్వాత నేను అడగడం మానేశాను, ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. ఆటోలో నలిగి వచ్చి చెప్పులు విడుస్తుండగానే పద్దెనిమిది అనో ముప్పై ఒకటి అనో లోపలి నుంచి వినిపించేది. వేలు వంగుతున్నట్టు నాకు కంటికి తెలిసేది కాదు. సంఖ్య మాత్రం పెరుగుతోంది. సెల్స్ నీరసపడి తెర వెలిసిపోతే వాటిని వాకిట్లో ఎండలో ఆరబెట్టి మళ్లీ వేసుకునేవాడు. మా వాకిట్లో ఒడియాల పక్కన సెల్స్ ఎండిన ఎండాకాలం అది.

బోర్డు ఇంకో రెండు వారాలుందనగా ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను వంటింట్లో జొన్నపిండి పిసుకుతున్నాను. వాకిట్లోంచి బావ పిలిచాడు.

"జర ఇటు రా. తొంభై తొమ్మిదయినయి. వందోది నీ ముంగట్నే చేస్త."

పిండి చేతులతోనే వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయన నుదుటి మీద చెమట పట్టి ఉంది. బొటనవేలు గోరు తెల్లబడేదాకా నొక్కి పట్టాడు. డ్రిల్ దిగింది, నూనె చుక్క పడింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. రంధ్రం పడింది. పైన ఉన్న సంఖ్య మారింది. సున్నా సున్నా.

బావ పెట్టెను చెవి దగ్గర పెట్టి ఊపి చూశాడు, ఖరాబైందేమోనని. నాకు మాత్రం క్షణంలో తెలిసిపోయింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. ఆరు నెలలుగా ఊరందరి రెండు గళ్లనూ వెతికి దిద్దేదాన్ని, నా మొగుడి ఆటకు నేనే రెండు గళ్లు పెట్టాను. రాసేటప్పుడు ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే రాసేసింది.

రోజూ రాత్రి అన్నాల దగ్గర నా ఆఫీసు గోల వినీ వినీ బావకు కూడా ఆ సంగతి కంఠతా వచ్చు. పెట్టెను కిందికి దించి నా వైపు చూశాడు.

"రెండు గళ్లే పెట్టినవా?"

జాగ సరిపోలేదని, కుడి పక్క గీత చచ్చిపోయి ఉందని అందుకే కుదించానని ఏదో అన్నాను. బావ తెరను ఎండకు తిప్పి చూశాడు. పైభాగమంతా ఖాళీగానే ఉంది. ఇంకో పది గళ్లు పట్టేంత జాగ ఉందని ఇద్దరికీ కనిపిస్తోంది. పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాడు. నేనే ఉండలేక, దవాఖానలో పెద్దామె నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాట బయటపెట్టాను. చెంచా పట్టుకుంటే చాలనుకోమంది బావా, అన్నాను. నా చేతుల పిండి ఎండి పొలుసులుగా రాలుతోంది.

"నాకు గూడ గదే చెప్పింది," అన్నాడు బావ. "నేను నమ్మలే."

మిగతా సగం మాట ఆయన అనలేదు. అననక్కర లేకుండానే నాకు వినపడింది. నమ్మింది నేను. రోజూ చేశావా చేశావా అని సతాయించింది నేనే, క్యాంటీన్‌లో నవ్వులపాలైంది నేనే, పొద్దున్నే లేచి ఆట రాసింది నేనే. అంతా చేస్తూ లోపల ఆ వేలు వంద దాకా రాదని లెక్క కట్టుకుని కూర్చున్నది కూడా నేనే. ఆయనకు విసుగు పుట్టి బంతి పడేశాడేగాని, ఆశ పడేయలేదు. నేను ఆశ పడేసి, పని మాత్రం చేస్తూ పోయాను. ఆఫీసులో అలవాటైన తీరు అదే మరి.

బావ మళ్లీ పెట్టె ఎత్తుకున్నాడు. సున్నా సున్నా మీది నుంచే ఇంకో పలక పెట్టి, డ్రిల్ దించుతూ, తెర మీది నుంచి కళ్లు తీయకుండా అన్నాడు.

"ఆఫీసుల అందరికి నాలుగు పెడ్తున్నవ్ గద. నాకు గూడ నాలుగే పెట్టు."

సోమవారం మధ్యాహ్నం డబ్బా తెరవకముందే మార్చేశాను. పది నిమిషాల పని కూడా కాదు. విజయవాడ అబ్బాయి చూసి, ఆట అంతదూరం పోయిందా అండీ అని అడిగాడు. పోయిందన్నాను.

బోర్డులో బావ చేతికి పట్టు కొలిచే యంత్రం ఇచ్చి నొక్కమన్నారట. నొక్కాడు. పని మళ్లీ మెషిన్ మీదే ఇచ్చారు. అయితే చిన్న మెషిన్, కొన్నాళ్లు పగటి షిఫ్టు మాత్రమే. ఇంటికి వచ్చి రెండు ముక్కల్లో చెప్పి, టీ పెట్టించుకుని, ఆ గ్లాసును కుడిచేత్తో పట్టుకుని తాగాడు. వేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. చలికాలం పొద్దున్నే చొక్కా గుండీలు నేనే పెట్టాలి.

రెండు వేల సంవత్సరం వచ్చిన రోజు మా ఆఫీసులో కేకు కోశారు. ఎక్కడా ఏమీ కాలేదు. ఏమీ కానిదానికి ఇంత పని ఎందుకని పైవాళ్లు గొణిగారు. రెండు నెలల్లో మా బృందంలో సగం మందిని వేరే పనులకు పంపేశారు. నాకు కోపం కూడా రాలేదు. ఇంటికి వెళ్లి పడుకోవాలనిపించింది, అంతే.

బూడిదరంగు పెట్టె ఇంకా మా ఇంట్లోనే ఉంది. సెల్స్ వేస్తే వెలుగుతుంది. నాలుగు గళ్లలో బావ మూడింటిదాకా వెళ్లాడు, మొదటి గడి ఎప్పుడూ సున్నాయే. ఆ ఏడాది నేను దిద్దినవన్నీ ముక్కూ ముఖం తెలియనివాళ్లు చేసిన తప్పులు. ఇదొక్కటే నాది. దాని గురించి బావ ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.